జువనైల్ కోర్టులో పిల్లల పక్కన నిలబడే పని: పీఓనా, లాయరా, బోర్డు మెంబరా, పీఎల్‌వీనా?

మొన్న సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్తే ఒకే రోజు ఇద్దరు ఒకే ప్రశ్న అడిగారు. ఒకడు మా పిన్ని కొడుకు, లా అయిపోయి రెండేళ్లు, సీనియర్ గారి ఫైళ్లు మోస్తూ వాయిదాలు రాసుకుంటున్నాడు. రెండోది మా ఆడపడుచు కూతురు, ఎచ్చెర్లలో ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి ఖాళీగా ఉంది. ఇద్దరికీ కేసుల్లో ఇరుక్కున్న పిల్లలతో పని చెయ్యాలని ఉందట, "అక్కా నువ్వు అదే లైన్లో ఉన్నావు కదా, ఏది బెటర్" అని వాడు, "అత్తా జీతం ఎంతొస్తాది" అని ఇది.

ఆ జనంలో నిలబడి చెప్పే సంగతులు కావు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. నా గురించి రెండు ముక్కలు, మొదట పీఎల్‌వీగా, అంటే పారా లీగల్ వాలంటీరుగా తిరిగాను, తర్వాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే ఒకచోట పిల్లల రక్షణ పనిలో కాంట్రాక్టు మీద చేశాను, ఎక్కడ అని అడక్కండి, మొత్తం కలిపి పదేళ్లు దాటింది. కింద చెప్పే పిల్లల ఊళ్లు, వయసులు, కేసులు అన్నీ మార్చేశాను, ఎందుకంటే కేసులో ఉన్న పిల్లాడి పేరు గానీ బడి గానీ, గుర్తుపట్టేలా ఇంకేదైనా గానీ మీడియాలో ఏ రూపంలో బయటపెట్టినా జువనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉంది. వీధి వాట్సాప్ గ్రూపుల్లో "ఈ దొంగని చూడండి" అని ఫొటోలు తిప్పేవాళ్లు ఒకసారి ఆ సెక్షన్ చదువుకుంటే బాగుండు.

మనోళ్లు జువనైల్ కోర్టు అంటారు గానీ చట్టం పెట్టిన పేరు జువనైల్ జస్టిస్ బోర్డు, పనిలో ఉన్నవాళ్లం జేజేబీ అంటాం. 2015లో వచ్చిన చట్టం, 2016 జనవరి 15 నుంచి అమలు. నేరం జరిగింది అంటున్న రోజుకి 18 నిండకపోతే కేసు అక్కడికే, దొరికిన రోజుకి 19 వచ్చేసినా సరే అక్కడికే. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సోషల్ వర్కర్ మెంబర్లు, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు ఆడవాళ్లు ఉండాలి. ఎత్తు మీద కుర్చీలు ఉండకూడదు, బోను ఉండకూడదు, మామూలు గదిలో మామూలు బల్ల. ఆ బల్ల చుట్టూ కూర్చునేవాళ్లు, బయట వరండాలో తిరిగేవాళ్లు చాలా మంది ఉంటారు, చూడ్డానికి అందరూ "పిల్లాడికి హెల్ప్ చేసేవాళ్లే", అసలు తికమక అక్కడే మొదలవుతుంది.

జీతం, డిగ్రీ, పర్మనెంటా కాదా అన్న లెక్కలు తర్వాత చూద్దాం, ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడుక్కోండి. వరండాలో మీ పక్కన కూర్చున్న గుంటడు, అమ్మ టీ తేవడానికి వెళ్లాక మీ చెవి దగ్గరికొచ్చి "మేడమ్, ఆ బండి నానే తీసినాను, మాయమ్మకి సెప్పకండి" అన్నాడు. ఇప్పుడేటి చేస్తారు? ఈ ఒక్క మాట దగ్గర ప్రొబేషన్ ఆఫీసరు (పీఓ) ఒకలా, లాయరు ఒకలా, మెంబరు ఒకలా, పీఎల్‌వీ ఒకలా ఉండాలి. మీకు ఏది కుదురుతుందో తెలిస్తే ఏ ఉద్యోగమో సగం తేలిపోయినట్టే.

ముందు ప్రొబేషన్ ఆఫీసరు, అదే పీఓ, ఎందుకంటే నాకు ఎక్కువ తెలిసింది ఈ పనే, ఎక్కువ రాసేది కూడా దీని గురించే, ఏమనుకోకండి.

పీఓ పిల్లాడి మనిషి కాదు, పోలీసు మనిషీ కాదు, బోర్డుకి కళ్లూ చెవులూ. పిల్లాణ్ణి పట్టుకున్నాక 24 గంటల్లో బోర్డు ముందు పెట్టాలి, పెట్టిన రోజు నుంచి 15 రోజుల్లో సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టు ఇవ్వాలి, దాన్ని మేం ఎస్‌ఐఆర్ అంటాం (ఈమధ్య ఎస్‌ఐఆర్ అంటే అందరూ ఓటర్ల లిస్టు అనుకుంటున్నారు, అది వేరు ఇది వేరు). ఇల్లు ఎలా ఉంది, ఎవరు సంపాదిస్తున్నారు, బడి ఎప్పుడు మానేశాడు, ఎందుకు మానేశాడు, ఎవరితో తిరుగుతున్నాడు, మందు గంజాయి ఏమన్నా ఉందా, ఇంట్లో కొడతారా, నేరం అంటున్నదాంట్లో ఇతని పాత్ర ఏమిటని ఆరోపణ, చివర్లో వీణ్ణి ఏం చేస్తే బాగుపడతాడు అన్న సలహా. బోర్డు వాళ్లు పిల్లాణ్ణి చూసేది పది నిమిషాలు, వాడి పదహారేళ్లు వాళ్లకి తెలిసేది ఈ కాగితం మీద నుంచే.

ఒకసారి సముద్రం ఒడ్డు ఊరి కుర్రాడి కేసు, బైకుల దొంగతనం, మూడు బైకులు. స్టేషన్ కాగితాల్లో "చెడు సావాసాలు, తల్లిదండ్రుల అదుపు లేదు" అని ఒక లైను. అదుపు లేదు అంటే ఏమిటో చూద్దామని ఊరు వెళ్లాను. నాన్న గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీదికి వెళ్లాడు, మన తీరం నుంచి చాలా మంది వెళ్తారు కదా, నెలల తరబడి రారు. అమ్మ తెల్లారి బస్సుకి పలాస వెళ్లి జీడిపిక్కల పని చేసి చీకటి పడ్డాక వస్తుంది. నానమ్మకి కళ్లు కనపడవు. మరి అదుపు చెయ్యాల్సింది ఎవరు? ఎనిమిదో క్లాసు మాస్టారిని అడిగితే వీడు లెక్కల్లో ఫస్టట, బడి మానేసింది నానమ్మ మంచాన పడ్డ నెలలో. బైకులు ఒక్కటీ అమ్మలేదు, పెట్రోలు అయిపోయేదాకా తోలి తోటల్లో వదిలేశాడు. ఇదంతా ఆఫీసులో కూర్చుంటే దొరకదు. అమ్మతో మాట్లాడాలంటే ఆవిడ కూలి పోకుండా ఆదివారం వెళ్లాలి, రెండో ఆదివారం మళ్లీ వెళ్లాలి, ఎందుకంటే మొదటిసారి ఎవరూ నిజం చెప్పరు, "మా వోడు బంగారం" అంటారు అంతే.

పేర్లు మార్చి అవే వాక్యాలు అతికించిన రిపోర్టులు కూడా చూశాను, అబద్ధం ఎందుకు. ఒకదాంట్లో అయితే ఆడపిల్ల కేసులో "ఇతడు క్రికెట్ బాగా ఆడును" అని ఉంది. నెలకి ఎన్ని కేసులు, ఎన్ని ఊళ్లు, ఒక్క మనిషి అంటే అలాగే తయారవుతాయి, కానీ ఆ కాగితం మీద ఆధారపడే పిల్లకి ఈ సంగతి అక్కర్లేదు కదా.

ఇప్పుడు ఆ చెవిలో మాట. పీఓ రిపోర్టు చట్టం ప్రకారం రహస్యమే, కానీ బోర్డు దగ్గర రహస్యం కాదు. అందుకే పిల్లాడు నోరు విప్పకముందే నేను చెప్పేసేదాన్ని, "బాబూ నువ్వు సెప్పినదాంట్లో అవసరమైంది నేను పైకి రాయాలి, నేను నీ లాయర్ని కాదు, కేసు సంగతి లాయర్ సార్‌కి సెప్పు, నాకు నీ సంగతి సెప్పు" అని. అలా చెప్తే కొందరు ముడుచుకుపోతారు, ఆ రోజుకి ఏమీ మాట్లాడరు, అయినా అదే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. 18 లోపు పిల్లల్ని ఏ చెడు ఉద్దేశమూ లేనివాళ్లుగానే అనుకోవాలని చట్టం మూడో సెక్షన్ మొదట్లోనే రాసుంది, పీఓ వెళ్లి ఒప్పుకోలు రాబట్టుకొస్తే పోలీసుకీ పీఓకీ తేడా ఏముంది.

రిపోర్టుతో పని అయిపోదు. సెక్షన్ 18 కింద బోర్డు మందలించి పంపొచ్చు, కౌన్సెలింగ్ అనొచ్చు, సమాజసేవ చెయ్యమనొచ్చు, మూడేళ్ల దాకా ప్రొబేషన్ మీద వదలొచ్చు, మరీ అయితే మూడేళ్ల దాకా స్పెషల్ హోమ్, అంటే తప్పు తేలిన పిల్లల్ని ఉంచే చోటు. ప్రొబేషన్ మీద వదిలితే వాడితో మీకు బంధుత్వం కలిసినట్టే, పండక్కి వాడి ఇంట్లో అరిసెలు తినాలి, పరీక్ష తప్పితే మీకు ఫోన్ వస్తుంది.

ఇందులో పర్మనెంటూ ఉంది కాంట్రాక్టూ ఉంది, జనం రెండూ ఒకటే అనుకుంటారు. పర్మనెంటు పీఓలు బాలల సంక్షేమ, సంస్కరణ సేవల శాఖ మనుషులు, వాళ్లకి పిల్లల కేసులతో పాటు 1958 నాటి ప్రొబేషన్ చట్టం పని కూడా ఉంటుంది, అంటే 19, 20 ఏళ్ల కుర్రాళ్లు మామూలు కోర్టులో దోషులుగా తేలినా, 21 లోపు వాళ్లని యావజ్జీవం పడే నేరం కాకపోతే వెంటనే జైలుకి పంపే ముందు కోర్టు పీఓ రిపోర్టు తెప్పించుకోవాలి. ఆ వయసు వాళ్లతో పని చెయ్యాలనుంటే ఈ దారే. కానీ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ పెళ్లీడు దాటిపోయినవాళ్లు నాకు తెలుసు.

కాంట్రాక్టు పోస్టులు జిల్లా బాలల రక్షణ విభాగంలో ఉంటాయి, అదే డీసీపీయూ, మిషన్ వాత్సల్య అనే కేంద్రం పిల్లల పథకం డబ్బుతో నడుస్తుంది. అక్కడ ఉన్న పోస్టు పేరు లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్, నెలకి 27,804 రూపాయలు. ప్రొటెక్షన్ ఆఫీసర్‌కీ అంతే. సోషల్ వర్కరు, కౌన్సెలరు 18,536. ఊళ్లు తిరిగే ఔట్‌రీచ్ వర్కరుకి 10,592, పనిలో ఎక్కువ ఎండ తగిలేది వాళ్లకే. ఇంకో తమాషా, పేరులో ప్రొబేషన్ అని ఉంది కదా ఎమ్మెస్‌డబ్ల్యూ వాళ్లదే అనుకుంటారు, కాదు, లా డిగ్రీ అడుగుతారు, కొంత అనుభవం కూడా. అంటే మా పిన్ని కొడుకు అప్లై చెయ్యొచ్చు, మా ఆడపడుచు కూతురు చెయ్యలేదు! ఆ పిల్లకి సోషల్ వర్కరు, కౌన్సెలరు పోస్టులు, అనుభవం వచ్చాక ప్రొటెక్షన్ ఆఫీసరు. జీతం నెల నెలా ఒకటో తారీకు పడుతుంది అనుకోకండి, బడ్జెట్ రాలేదని రెండు మూడు నెలలకి ఒకసారి కలిపి పడిన రోజులు నేను చూశాను, చిట్టీ కట్టడానికి గాజులు తాకట్టు పెట్టాను.

ఇక లాయరు.

లాయరు దగ్గర చెవిలో మాటకి ఒకటే జవాబు, ఆ మాట అక్కడే ఉండిపోతుంది. క్లయింటు లాయరుకి చెప్పింది బయటపెట్టకూడదని సాక్ష్య చట్టమే చెప్తుంది, వయసు పదమూడైనా క్లయింటు క్లయింటే. పిల్లాడి మాట ఎవరికీ చెప్పక్కర్లేదు అన్న స్వేచ్ఛ ఈ బల్ల దగ్గర ఒక్క లాయరుకే ఉంది. దానికి ఖరీదు కూడా ఉంది, పిల్లాడికి ఏది మంచిదో మీకు అనిపించేది కాకుండా వాడేం కోరుకుంటున్నాడో అది వాదించాలి. ఇంట్లో తాగి కొట్టే నాన్న ఉన్నాడు, హోమ్‌లో ఉంటేనే నయం అని మీ మనసు చెప్తుంది, వాడేమో "ఇంటికి ఎల్లిపోతాను సార్" అని ఏడుస్తాడు. పీఓ అయితే "ఇంట్లో ప్రమాదం" అని రాస్తుంది, లాయరు బెయిల్ అడగాలి. ఇద్దరూ తప్పు కాదు. కానీ ఒకే మనిషి రెండూ చెయ్యలేదు, అందుకే లా చదివిన సోషల్ వర్కర్లు ఎక్కడ నిలబడాలో ముందే తేల్చుకోవాలి.

మన జిల్లాల్లో లాయరు అవసరం ఎక్కువ కనిపించేది గంజాయి కేసుల్లో. ఒడిశా సరిహద్దు పక్కనే, ఇచ్ఛాపురం పలాస మీదుగా రైళ్లు, బస్సులు, బ్యాగు మొయ్యడానికి చిన్న కుర్రాళ్లని పెడతారు, ఐదు వేలు చేతిలో పెడితే వాడికి అది లాటరీ. ఇక్కడ లెక్క చూడండి, 20 కేజీలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, కనీస శిక్ష పదేళ్లు. కనీసం ఏడేళ్లు, ఆపైన శిక్ష ఉన్న నేరాన్ని జేజే చట్టం ఘోర నేరం అంటుంది, 16 నిండిన పిల్లాడైతే సెక్షన్ 15 కింద ప్రాథమిక అంచనా వేసి పెద్దవాడిలా విచారించాలా అన్నది తేలుస్తారు, మూడు నెలల్లో. అంటే బ్యాగులో 19 కేజీలు ఉన్నాయా 21 ఉన్నాయా, పిల్లాడికి 15 ఏళ్ల పదకొండు నెలలా 16 ఏళ్ల ఒక నెలా, ఈ రెండు అంకెల మీద వాడి జీవితం వేలాడుతుంది. వయసుకి ముందు బడి సర్టిఫికెట్టు లేదా టెన్త్ సర్టిఫికెట్టు, అది లేకపోతే మున్సిపాలిటీ పంచాయతీ జనన ధ్రువపత్రం, అవేవీ లేకపోతేనే ఎముకల టెస్టు, ఇది సెక్షన్ 94. కంగారులో నేరుగా ఎముకల టెస్టుకి తీసుకుపోతారు, ఆ టెస్టు ఇటూ అటూ ఒకటి రెండేళ్లు తేడా చూపిస్తుంది, బడికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టరు తెచ్చే లాయరు ఉంటే కథే మారిపోతుంది. ఇంకోటి, పిల్లాడితో మత్తు సరుకు మోయించినవాడికి సెక్షన్ 78 కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు ఉంది, అంటే బ్యాగు మోసినవాడు ఒక రకంగా బాధితుడు కూడా, ఆ మాట బోర్డు ముందు ఎవరో ఒకరు అనాలి కదా.

ప్రాథమిక అంచనా అంటే నేరం చేశాడా లేదా అని కాదు, చెయ్యగల మానసిక శారీరక శక్తి, పర్యవసానం అర్థమయ్యే తెలివి, ఏ పరిస్థితిలో జరిగింది, ఇంతే. బోర్డులో పిల్లల మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరిగా తీసుకోవాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అడగని లాయరుకి ఇవేవీ దొరకవు.

బెయిల్ సంగతి కూడా చెప్పాలి. సెక్షన్ 12 ప్రకారం పిల్లాడికి బెయిల్ ఇవ్వడమే రూలు, పూచీకత్తు ఉన్నా లేకపోయినా. చెడ్డవాళ్ల సావాసంలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి అడ్డమనో కారణం రాస్తేనే ఆపాలి. ఇది తెలీక కందులో చోళ్లో వేసుకునే అరెకరం పట్టా కాగితాలు సంచిలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చే తండ్రుల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది, దారిలో ఎవడో మధ్యవర్తి పదివేలు అప్పటికే లాగేసి ఉంటాడు. పిల్లలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉంది, 15100కి ఫోన్ చేస్తే చాలు.

లాయరుగా ఈ పనిలోకి దారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, డీఎల్‌ఎస్‌ఏ. ప్యానెల్ లాయరుగా చేరితే సొంత ప్రాక్టీసు ఉంచుకోవచ్చు, జేజేబీకి కేటాయించమని అడగొచ్చు, కేసుకి ఇచ్చే ఫీజు మాత్రం చెప్పుకునేంత కాదు. 2022 నుంచి వచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అయితే ఫుల్‌టైమ్, నెల నెలా డబ్బు, ప్రైవేటు కేసులు పట్టకూడదు. చీఫ్‌కి పదేళ్ల ప్రాక్టీసు, డిప్యూటీకి ఏడేళ్లు కావాలి, అసిస్టెంటుకి మూడేళ్ల లోపు వాళ్లని కూడా తీసుకుంటారు. కానీ అది ఎక్కువగా పెద్దవాళ్ల క్రిమినల్ కేసుల పని, పిల్లల కేసులే కావాలంటే ప్యానెల్ నయం.

బోర్డు మెంబరు గురించి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే అడిగిన ఇద్దరికీ ఇప్పుడది రాదు. 35 నిండాలి, పిల్లల చదువు ఆరోగ్యం సంక్షేమం పనిలో ఏడేళ్లు ఉండాలి, లేదా సైకాలజీ, సోషియాలజీ, లా లాంటి డిగ్రీతో ప్రాక్టీసులో ఉండాలి. మూడేళ్ల టర్ము, రెండు టర్ములు దాటకూడదు, అవి కూడా వరసగా కాదు. జీతం కాదు, కూర్చున్న రోజుకి ఇంత అని, కేంద్రం 2016లో రూల్స్ పెట్టినప్పుడు రోజుకి 1,500కి తక్కువ కాకుండా అని రాసింది. చాలా మంది ఇదేదో గౌరవ పదవి, దండలు వేస్తారు అనుకుని అప్లై చేస్తారు. కానీ ఏడాదిలో కనీసం ముప్పావు వంతు సిట్టింగులకైనా రాకపోతే తీసెయ్యొచ్చు, ఇంకా పెద్ద సంగతి, మెజారిటీ మాటే చెల్లుతుంది, అంటే ఇద్దరు సోషల్ వర్కర్లు ఒక మాట మీద ఉంటే మేజిస్ట్రేటు మాట కూడా ఆగిపోతుంది! ఈ సంగతి తెలిసి వాడుకున్న మెంబర్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను, మిగతావాళ్లు సార్ ఏమంటే అదే అని సంతకం పెట్టేవాళ్లు. రిటైరైన హెడ్మాస్టర్లు, నర్సులు ఎవరైనా ఇది చదువుతుంటే, సార్ మొహం చూడకుండా మాట్లాడగలరు అనుకుంటే, మీరు వెళ్లండి, నిజంగా. చెవిలో మాట మీకు వర్తించదు, మీరు పిల్లాడితో వరండాలో ఒంటరిగా కూర్చోనే కూడదు.

పీఎల్‌వీ, పారా లీగల్ వాలంటీరు. డీఎల్‌ఎస్‌ఏ వాళ్లు తీసుకుంటారు, లా చదవక్కర్లేదు, కొద్ది రోజుల ట్రైనింగు, పని చేసిన రోజుకే గౌరవ వేతనం, దాంతో ఇల్లు గడవదు. పని ఏమిటంటే తల్లిని గది దాకా తీసుకెళ్లడం, వాయిదా తేదీ కాగితం మీద రాసి చీర కొంగుకి కట్టించడం, లాయరు ఎవరో చూపించడం, "వాడికి సంకెళ్లు వెయ్యకూడదమ్మా, లాకప్‌లో పెట్టకూడదు" అని చెప్పడం. అధికారం సున్నా. కానీ ఆ తల్లి మూడేళ్ల తర్వాత బజార్లో గుర్తుపట్టేది మిమ్మల్నే, జడ్జి గారిని కాదు. గుంటడు చెవిలో చెప్తే, "ఈ మాట నాకు కాదు, లాయర్‌కి చెప్పు, ఇంకెవరికీ చెప్పకు" అని నోరు మూయించి లాయరు దగ్గర కూర్చోబెట్టడమే మీ పని, మీ మాటకి లాయరుకున్నంత రక్షణ లేదు, రేపు మిమ్మల్ని సాక్షిగా పిలిస్తే ఇబ్బంది.

ఎన్జీవోల్లో, హోముల్లో కౌన్సెలరు పని ఇంకోటి ఉంది, నేను చెయ్యలేదు కాబట్టి ఎక్కువ చెప్పను. దగ్గర నుంచి చూసింది ఒకటే, మన పిల్లల్ని విశాఖ అబ్జర్వేషన్ హోమ్‌కి (విచారణ సాగుతుండగా ఉంచే చోటు) పంపితే ఇచ్ఛాపురం తల్లికి పోను రాను రెండు రోజుల కూలి పోతుంది, కాబట్టి అక్కడ వాడికి రోజూ కనపడే పెద్ద మనిషి కౌన్సెలరే.

ఒక హెచ్చరిక, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసుల్లో బాధిత పిల్లల పక్కన ఉండే సపోర్ట్ పర్సన్ అని ఇంకో పని ఉంది, మంచి పని. కానీ ఒకే ఊళ్లో అటు సపోర్ట్ పర్సన్‌గా, ఇటు పీఎల్‌వీగా రెండూ పెట్టుకోకండి. పదిహేడేళ్ల అబ్బాయి పదహారేళ్ల అమ్మాయి రైలెక్కి వెళ్లిపోయిన కేసులు మన దగ్గర తక్కువేం కాదు, అమ్మాయి ఇంట్లో టీ తాగి అబ్బాయి ఇంటికి వెళ్తే రెండు ఇళ్లూ మిమ్మల్ని నమ్మవు.

ఏ దారిలో వెళ్లినా ఒక ముక్క నోటికి రావాలి, అది సెక్షన్ 24. బోర్డులో తేలిన కేసు వల్ల పిల్లాడికి తర్వాత ఉద్యోగానికి అనర్హత రాకూడదు, రికార్డు గడువు తర్వాత చింపెయ్యాలి, పెద్దవాడిలా విచారించి దోషి అని తేల్చిన ఘోర నేరాలకే మినహాయింపు. మన జిల్లాల్లో ఇంటికొకడు ఆర్మీ అంటూ పొద్దున్నే రోడ్ల మీద పరిగెడతాడు కదా, తల్లిదండ్రుల మొదటి భయం కేసు కాదు, "మావోడికి ఆర్మీ పోతాదా" అన్నదే. 2019లో సీఐఎస్‌ఎఫ్ ఉద్యోగం కేసులో సుప్రీంకోర్టు కూడా చిన్నప్పటి కేసుని అడ్డం పెట్టుకోకూడదు అంది. ఆ మాట వాళ్లకి మొదటి రోజే చెప్తే పిల్లాడు బడి మానెయ్యడు, ఎందుకంటే "ఎలాగూ లైఫ్ పోయింది" అన్న మాటతోనే రెండో కేసు మొదలవుతుంది.

సరే, ఆ ఇద్దరికీ నేను చెప్పింది. మా వాడికి ప్యానెల్ లాయరుగా వెళ్లమన్నాను, లీగల్ కమ్ ప్రొబేషన్ పోస్టు పడితే జీతం ఎక్కువే గానీ వద్దన్నాను. వాడికి వాదన ఇష్టం, ఎవరి తరఫునో గట్టిగా నిలబడితేగానీ నిద్ర పట్టదు, అటూ ఇటూ కాకుండా రిపోర్టు రాయమంటే రెండో నెలకే పిల్లాడి పక్షం రాసేసి దొరికిపోతాడు. పైగా వాడికి వినే ఓపిక తక్కువ, లాయరు ప్రశ్న అడిగి జవాబు తీసుకుంటే చాలు, పీఓ జవాబు వచ్చేదాకా గంట సేపు వాళ్ల పెరట్లో కోళ్లని చూస్తూ కూర్చోవాలి. మా ఆడపడుచు పిల్ల అలా కూర్చోగలదు. దానికి ముందు ఆరు నెలలు పీఎల్‌వీ, ఈ లోపు సోషల్ వర్కరు నోటిఫికేషన్ పడితే అప్లై చెయ్యి, 18,536కి నీ ఇల్లు నడుస్తుందా లేదా మీ నాన్నతో కూర్చుని లెక్క వేసుకో, నడవదంటే ఇప్పుడే చెప్పు, మధ్యలో వదిలేస్తే ప్రొబేషన్‌లో ఉన్న పిల్లాడికి నువ్వు కూడా వెళ్లిపోయినవాళ్ల లిస్టులో ఒకదానివి అవుతావు అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను, మొహం మాడ్చుకుంది.

వాడు వచ్చే సోమవారం డీఎల్‌ఎస్‌ఏకి బయోడేటా పట్టుకెళ్తానన్నాడు. ఆ పిల్ల రాత్రి ఫోన్ చేసి "అత్తా, పలాస ఇచ్ఛాపురం తిరగాలంటే టీఏ ఇస్తారా" అంది. పీఎల్‌వీకి అది నమ్ముకోకు, కానీ 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీలో ఎక్స్‌ప్రెస్ బస్సుల దాకా ఫ్రీ కదే, ఆధార్ కార్డు మర్చిపోకు అన్నాను.